పనుల వరుసలో పనితనం

రోజువారీ పనులను వరుసలో పెట్టుకోవడానికి గత నూరేళ్ల పైచిలుకు కాలంలో మనుషులు తయారు చేసుకున్న పనిముట్లు చూడటానికి చాలా చిన్నవి. కాగితం మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసిన రెండు గీతలు. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు రాసుకున్న ఆరు పనులు. గోడ మీద మూడు వరుసల్లో అంటించిన చీటీలు. టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్. వీటికి కరెంటు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. అయినా ఒక్కొక్కదాన్ని విప్పి చూస్తే, మనిషి మనసు ఎక్కడ జారిపోతుందో దాన్ని చేసినవాళ్లు ఎంత జాగ్రత్తగా కనిపెట్టారో, సరిగ్గా అక్కడే ఒక చిన్న నియమాన్ని ఎలా నిలబెట్టారో తెలుస్తుంది. ఆ పనితనం మీద నాకు ఎంతో గౌరవం. దాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

ఎవరో చెప్పగా ఈ పద్ధతుల్లో ఒకదాన్ని మొదలుపెడతాం. నెల తిరక్కుండా వదిలేస్తాం. మళ్లీ ఇంకొకటి పట్టుకుంటాం. చాలాసార్లు లోపం పద్ధతిలో ఉండదు. వడ్రంగి సంచిలో రంపం, ఉలి, చిత్రిక మూడూ ఉంటాయి. చిత్రికతో దూలం కోయబోతే తెగదు. పనుల పద్ధతుల్లో కూడా ఒక్కొక్కటి ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పగలదు. ఏది ఏ ప్రశ్నకు జవాబో తెలుసుకుని, సరైన క్రమంలో వాడితే నాలుగైదు పద్ధతులు కలిసి ఒకే పద్ధతిలా నడుస్తాయి. క్రమం తప్పితే ఒకటి చేసిన మంచిని ఇంకొకటి చెడగొడుతుంది. ఈ క్రమం దగ్గరే అసలు నేర్పు ఉంది.

మాట గాలిలో ఉండిపోకుండా ఒక బల్లను ఊహించుకుందాం. మార్చి మొదటి వారం. ఊళ్లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. హెచ్‌ఎం మేడం బల్ల మీద, ఫోన్లో, తలలో కలిపి ఉన్న పనులు ఇవి: పదో తరగతి పిల్లవాడి హాల్‌టికెట్లో ఇంటిపేరు తప్పు పడింది, సరిచేయించాలి. ఎంఈఓ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, ఏవో వివరాలు సాయంత్రంలోగా పంపాలట. తాగునీటి మోటారు తిరగడం లేదు. టీసీ కోసం ఒక తండ్రి రెండోసారి వచ్చి వెళ్లాడు. స్టాక్ రిజిస్టర్ మూడు నెలలుగా పూర్తి కాలేదు. మధ్యాహ్న భోజనం వండే అక్కలు బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో లెక్క చూడమన్నారు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలు ఇప్పటికీ పేరా చదవలేకపోతున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రావడం మానేసింది. ఇంటికి వెళ్లి మాట్లాడాలి. చివరి రెండింటి గురించి మేడంకు ఎవరూ ఫోన్ చేయరు. ఈ తేడాను గుర్తుపెట్టుకుందాం.

తలలోంచి కాగితం మీదికి

మొదటి ప్రశ్న: అసలు నా చేతిలో ఉన్న పనులు ఏవి? దీనికి చక్కగా జవాబు చెప్పినవాడు డేవిడ్ అలెన్. ఆయన పుస్తకం 'గెటింగ్ థింగ్స్ డన్' 2001లో వచ్చింది. తల పనులను దాచుకోవడానికి పనికొచ్చే చోటు కాదని, పెద్దవీ చిన్నవీ అన్నిటినీ బయట ఒకచోట రాసిపెట్టాలని ఆయన పద్ధతి. ఇంతవరకు మన అమ్మమ్మలు కూడా చెప్పేదే. ఆయన పనితనం దీని తర్వాతి మెట్టులో ఉంది. రాసిన ప్రతి పని పక్కన 'తర్వాత చేయాల్సిన చర్య' ఏమిటో కంటికి కనిపించేంత స్పష్టంగా రాయమంటాడు.

"బడి మానేసిన అమ్మాయి విషయం" అని రాస్తే అది పని కాదు, దిగులు. జాబితాలో దాని మీద కన్ను పడ్డ ప్రతిసారీ మనసు పక్కకు తప్పుకుంటుంది. "రేపు పదకొండింటికి వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఏ రోజు సాయంత్రం ఇంట్లో ఉంటారో అడగాలి" అని రాస్తే అది పది నిమిషాల పని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం, చేయడం ఇష్టం లేకపోవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఈ ఒక్క నియమం వాటిని విడదీసి చూపిస్తుంది.

దీనికి ప్రయోగాల బలం కూడా ఉంది. మసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, పూర్తికాని లక్ష్యాలు మనిషి వేరే పని చేసుకుంటున్నప్పుడు కూడా మధ్యలో వచ్చి దృష్టిని చెదరగొట్టాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో స్పష్టంగా ప్రణాళిక రాసుకున్నవాళ్లలో ఆ చెదిరింపు పోయింది. పని ఇంకా జరగలేదు, అయినా మనసు దాన్ని పట్టుకుని వేలాడటం మానేసింది. రాసుకోవడం వల్ల తల తేలికపడినట్టు అనిపించడం వట్టి భ్రమ కాదన్నమాట.

ఈ పద్ధతి చెప్పలేనిది ఒకటుంది. బల్ల మీది పనులన్నీ ఇప్పుడు పొందికగా కాగితం మీద ఉన్నాయి, కానీ మోటారూ అమ్మాయీ ఒకే జాబితాలో పక్కపక్కన, ఒకే అక్షరాల్లో ఉన్నాయి. ఏది ఎక్కువో జాబితాకు తెలియదు.

రెండు గీతలు

1954 ఆగస్టు 19న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఇవాన్‌స్టన్‌లో ప్రపంచ చర్చిల మండలి సభ జరిగింది. అధ్యక్షుడు ఐజన్‌హోవర్ అందులో ప్రసంగిస్తూ ఒక మాజీ కళాశాల అధ్యక్షుడు తనతో అన్నారంటూ ఒక ఆలోచన చెప్పాడు: సమస్యలు తొందరవీ ఉంటాయి, ముఖ్యమైనవీ ఉంటాయి, తొందరవి ముఖ్యమైనవి కావు, ముఖ్యమైనవి ఎప్పుడూ తొందరవి కావు. ఐజన్‌హోవర్ గీతలేమీ గీయలేదు. ఈ ఆలోచనను నాలుగు గడులుగా జనంలోకి తెచ్చినవాడు స్టీఫెన్ కోవే, 1989లో వచ్చిన 'ది సెవెన్ హ్యాబిట్స్ ఆఫ్ హైలీ ఎఫెక్టివ్ పీపుల్' పుస్తకంతో. మొదటి గడి తొందరా ముఖ్యమూ అయినవి. రెండోది ముఖ్యమే గానీ తొందర లేనివి. మూడోది తొందరే గానీ అంత ముఖ్యం కానివి. నాలుగోది రెండూ కానివి.

ఈ గడుల అందం రెండు ప్రశ్నలను విడదీయడంలో ఉంది. తొందర ఎంతో క్యాలెండర్ చెబుతుంది, పై ఆఫీసు చెబుతుంది, మోగే ఫోన్ చెబుతుంది. దాన్ని కనుక్కోవడానికి మనం ఏమీ ఆలోచించక్కర్లేదు. ముఖ్యం ఏదో మాత్రం బయటివాళ్లు ఎవరూ చెప్పరు. ఆ గీత దగ్గర మనిషి ఆగి, తన బుద్ధితో జవాబు చెప్పుకోవాల్సిందే. తప్పించుకునే దారి లేకుండా ఆ ప్రశ్నను మన ముందు పెట్టడమే ఆ గీత చేసే పని.

గీత ఎందుకు కావాలో 2018లో మెంగ్ జూ, యాంగ్ యాంగ్, క్రిస్టఫర్ సీ ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ఎక్కువ ప్రతిఫలం ఇచ్చే పనీ, తక్కువ ప్రతిఫలం ఇచ్చేదైనా గడువు ముంచుకొస్తున్నట్టు కనిపించే పనీ ముందు పెడితే, చాలామంది రెండోదాని వైపే మొగ్గారు. గడువు అన్న మాటే దాని మీద దృష్టిని లాగేసింది. ఎంచుకునే క్షణంలోనే ఫలితాల తేడాను కళ్ల ముందు పెడితే ఆ మొగ్గు తగ్గింది. రెండు గీతల కాగితం చేసేది సరిగ్గా అదే.

మన బల్ల మీద చూద్దాం. హాల్‌టికెట్, మోటారు మొదటి గడిలోకి వెళతాయి. పిల్లలు పరీక్ష రాయాలి, నీళ్లు తాగాలి. ఎంఈఓ ఆఫీసు అడిగిన వివరాలు, అవి ఇదివరకే బడుల వివరాల పోర్టల్ యూడైస్‌లో నింపినవైతే, మూడో గడిలో పడతాయి. పంపక తప్పదు, కానీ మేడమే కూర్చుని పంపనక్కర్లేదు. అమ్మాయి ఇంటికి వెళ్లడం, తొమ్మిదో తరగతి పిల్లల చదువు రెండో గడిలో ఉంటాయి. ఈ రెండూ అక్కడ ఉన్నాయని కంటితో చూడగలగడమే ఈ పద్ధతి ఇచ్చే పెద్ద లాభం. రోజంతా తీరిక లేకుండా పనిచేసి కూడా ఆ గడిని ముట్టుకోకుండా ఇంటికి వెళ్లిపోవచ్చని అప్పుడే తెలుస్తుంది.

ఇక్కడా ఒక హద్దుంది. మొదటి గడిలో అయిదు పనులు పడితే వాటిలో ముందు ఏది? గడికి జవాబు లేదు. దాన్ని ఈ ప్రశ్న అడిగితే కాగితం చింపేయాలనిపిస్తుంది. అందుకే ఇంకో పనిముట్టు.

ఆరు పనులు, మూడు సూత్రాలు

1918 నాటి కథ ఒకటి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. బెత్లెహెమ్ స్టీల్ అధిపతి చార్లెస్ ష్వాబ్‌కు ప్రజాసంబంధాల నిపుణుడు ఐవీ లీ ఒక సలహా ఇచ్చాడట. పని ముగించే ముందు రేపటికి ఆరు పనులు, ఆరే, ప్రాముఖ్యం ప్రకారం వరుసగా రాయాలి. తెల్లారి మొదటి పనితో మొదలుపెట్టి, అది పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లాలి. మిగిలినవి మర్నాటి ఆరులో చేరతాయి. మూడు నెలల తర్వాత దాని విలువ తేల్చుకుని ష్వాబ్ 25,000 డాలర్ల చెక్కు పంపాడని కథ.

చెక్కు సంగతి ఎలా ఉన్నా, ఈ సలహాలో మూడు చక్కని కీళ్లున్నాయి. మొదటిది, వరుస నిర్ణయించేది నిన్నటి సాయంత్రం. అప్పుడు ఫోన్లు మోగవు, గుమ్మం దగ్గర ఎవరూ నిలబడి ఉండరు. రెండోది, ఆరు అన్న హద్దు. ఏడోది రాయాలంటే ఒకదాన్ని కొట్టేయాలి, కొట్టేయడం అంటే నిర్ణయించుకోవడం. మూడోది, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. అయితే వరుస ఏ లెక్కన పెట్టాలో లీ వివరంగా చెప్పలేదు. ఆ ఖాళీని ఫ్యాక్టరీ యంత్రాల ముందు పేరుకునే పనుల గురించి ఆలోచించిన గణితవేత్తలు పూరించారు.

ఒకే యంత్రం, ముందు ఎన్నో పనులు, ఏది ముందు? 1955లో జాక్సన్ నిరూపించిన జవాబు: గడువు ముందుగా ఉన్నదాన్ని ముందు చేస్తే, అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమయ్యే పని ఆలస్యం వీలైనంత తగ్గుతుంది. 1956లో స్మిత్ చెప్పింది ఇంకో సూత్రం: ప్రతి పని విలువను దానికి పట్టే కాలంతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయాలి. 1968లో మూర్ మూడో సూత్రం ఇచ్చాడు: అన్నీ గడువులోగా పూర్తికాని పరిస్థితి వస్తే, గడువుల వరుసలో ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోయి, ఆలస్యం తలెత్తినప్పుడల్లా అప్పటిదాకా ఎంచుకున్నవాటిలో అన్నిటికంటే పొడవైన పనిని పక్కన పెట్టాలి. ఆలస్యమయ్యే పనుల సంఖ్య అలా వీలైనంత తగ్గుతుంది.

స్మిత్ సూత్రాన్ని మన బల్ల మీద పెట్టి చూద్దాం. టీసీ రాయడానికి 15 నిమిషాలు, స్టాక్ రిజిస్టర్‌కు 120 నిమిషాలు అనుకుందాం. రిజిస్టర్ ముందు చేస్తే అది 120వ నిమిషంలో, టీసీ 135వ నిమిషంలో పూర్తవుతాయి. ఎదురుచూపు మొత్తం 255. టీసీ ముందు చేస్తే అది 15లో, రిజిస్టర్ 135లో పూర్తవుతాయి. మొత్తం 150. రిజిస్టర్ పావుగంట ఆగితే ఒక తండ్రికి రెండు గంటల నిరీక్షణ తప్పుతుంది. మరి రిజిస్టర్ ఎప్పుడు ముందుకు రావాలి? దానికి పట్టే కాలం టీసీకి 8 రెట్లు. కాబట్టి దాని విలువ టీసీ విలువకు 8 రెట్లు దాటినప్పుడే. రేపు ఆడిట్ అయితే దాటుతుంది, లేకపోతే లేదు. "ముందు చిన్న పనులు చేసేద్దాం" అన్న అలవాటు ఎంతవరకు సరైనదో, ఎక్కడ తప్పుతుందో ఈ ఒక్క భాగహారం చెప్పేస్తుంది. ఇంత చిన్న లెక్కలో ఇంత తీర్పు ఇమిడి ఉండటం చూస్తే నాకు సంతోషం కలుగుతుంది.

మూడు సూత్రాల్లో ఏది గొప్పది అని అడగకూడదు. మూడూ నిరూపితమైనవే, కానీ మూడూ మూడు వేర్వేరు వాటిని తగ్గిస్తాయి. ఎవరికీ మరీ ఎక్కువ ఆలస్యం కాకూడదంటే జాక్సన్. ఎదురుచూపు బరువు మొత్తం తగ్గాలంటే స్మిత్. ఆలస్యమయ్యేవాటి సంఖ్య తగ్గాలంటే మూర్. ఏ పద్ధతి వాడాలన్నది మనకు ఏ నష్టం భరించరానిదో దాన్ని బట్టి తేలుతుంది.

గోడ మీది చీటీలు

వరుస చక్కగా ఉన్నా పనులు సగం సగం ఆగిపోతుంటాయి. హాల్‌టికెట్ దరఖాస్తు మధ్యలో మోటారు మెకానిక్ వస్తాడు, అతనితో మాట్లాడుతుండగా వాట్సాప్ మోగుతుంది. ఇక్కడ ప్రశ్న మారింది: ఒకేసారి ఎన్ని పనులు తెరిచి ఉంచుకోవచ్చు?

దీని జవాబు జపాన్ నుంచి వచ్చింది. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచీ ఓనో తీర్చిదిద్దిన కాన్బాన్ పద్ధతిలో చీటీ వస్తేనే ముందు విభాగం సరుకు తయారు చేస్తుంది. చీటీల సంఖ్యకు హద్దుంది కాబట్టి మధ్యలో సరుకు పేరుకోదు. ఈ ఆలోచనను ఇంటి పనులకు, సొంత పనులకు తెచ్చినవాళ్లు జిమ్ బెన్సన్, టోనియాన్ డిమరియా బ్యారీ. వాళ్ల 'పర్సనల్ కాన్బాన్' 2011లో వచ్చింది. నియమాలు రెండే. పనిని కంటికి కనిపించేలా పెట్టు. చేతిలో ఉన్నవాటికి హద్దు పెట్టు. గోడ మీద మూడు వరుసలు ఉంటాయి: చేయాల్సినవి, చేస్తున్నవి, చేసినవి. మధ్య వరుసలో మూడు చీటీలకే చోటు అనుకుంటే, నాలుగోది అక్కడికి రావాలంటే ఒకటి కుడివైపుకు పోవాలి.

ఈ హద్దు ఎందుకు పనిచేస్తుందో జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చెబుతుంది. రాకపోకలు నిలకడగా ఉన్న ఏ వరుసలోనైనా, లోపల ఉన్న పనుల సగటు సంఖ్యను రోజుకు పూర్తయ్యే సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పని లోపల ఎన్ని రోజులు ఉంటుందో వస్తుంది. మేడం రోజుకు 3 పనులు పూర్తి చేస్తూ 12 తెరిచి ఉంచుకుంటే ఒక్కోటి సగటున 4 రోజులు నలుగుతుంది. అదే వేగంతో 6 మాత్రమే తెరిస్తే 2 రోజులు. ఆమె ఒక్క నిమిషం కూడా ఎక్కువ పనిచేయలేదు. మొదలుపెట్టడం తగ్గించింది, అంతే. దీనికి తోడు సోఫీ లెరాయ్ 2009లో చూపించిన ఇంకో సంగతి ఉంది: ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళితే దృష్టిలో కొంత పాత పని దగ్గరే చిక్కుకుపోతుంది, కొత్త పని నాణ్యత పడిపోతుంది. తెరిచిన పనులు తగ్గితే ఆ చిక్కూ తగ్గుతుంది.

స్టాఫ్ రూమ్ గోడ మీద ఈ చీటీలు ఉంటే ఇంకో మంచి కూడా జరుగుతుంది. మేడం చేతిలో ఏమున్నాయో తోటి ఉపాధ్యాయులకు తెలుస్తుంది. మూడో గడిలోని పనిని ఒకరు వచ్చి, "ఇది నేను చూస్తాను మేడం" అని తీసుకోగలుగుతారు. తలలో ఉన్న పనిని ఎవరూ పంచుకోలేరు.

ఇరవై అయిదు నిమిషాలు

చివరి ప్రశ్న: కూర్చున్నాక కదలకుండా చేయడం ఎలా? 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువు మీద మనసు నిలవక, వంటింట్లోని టమాటా ఆకారపు టైమర్‌ను ముందు పెట్టుకున్నాడు. టమాటాను ఇటాలియన్‌లో పొమొడొరో అంటారు, పద్ధతికి ఆ పేరే నిలిచింది. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాల విరామం, నాలుగు విడతల తర్వాత పెద్ద విరామం. ఇందులో విరామమే అందరికీ గుర్తుంటుంది. నాకు నచ్చిన భాగం వేరు: ప్రతి పనికి ఎన్ని విడతలు పట్టిందో కాగితం మీద గుర్తు పెట్టమంటాడు చిరిల్లో.

ఆ గుర్తుల విలువ 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ ప్రచురించిన పరిశోధనతో అర్థమవుతుంది. థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని విద్యార్థులను అడిగితే సగటున 33.9 రోజులన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే ఈ బలహీనతకు పేరు పెట్టారు, ప్రణాళికా భ్రమ అని తెలుగులో చెప్పుకోవచ్చు. దీనికి వాళ్లు చెప్పిన మందు, ఈ పనిని ఊహించుకోవడం మాని, ఇలాంటి పనులు ఇంతకుముందు ఎంత సేపు పట్టాయో చూడటం. టమాటా గుర్తులు దాచిపెట్టేది ఆ సమాచారాన్నే. స్మిత్ సూత్రంలో భాగించడానికి కావలసిన కాలం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ గుర్తుల నుంచే.

బడిలో ఇది ఇంకా బాగా అమరుతుంది. అక్కడ కాలాన్ని గంట ఇప్పటికే పీరియడ్లుగా కోసి పెట్టింది. మేడంకు దొరికే ఒక్కో లీజర్ పీరియడ్‌లో ఒక విడత హాయిగా ఇముడుతుంది, పిల్లలో తల్లిదండ్రులో తలుపు దగ్గరికి వస్తే మాట్లాడటానికి మిగిలిన నిమిషాలూ ఉంటాయి. ఉపాధ్యాయ వృత్తిలో వాళ్లు రావడాన్ని అంతరాయం అనకూడదు, అదీ ఆమె పనే. అందుకే రోజు మొత్తాన్ని విడతలతో నింపకుండా సగమే నింపడం మంచిది.

కీళ్లు కలిసే చోట

ఇప్పుడు వీటిని కలిపే పని. ఇక్కడ తప్పు చేయడం చాలా తేలిక. రేపు మేడంకు ఖాళీ సమయం మొత్తం 180 నిమిషాలు అనుకుందాం. హాల్‌టికెట్‌కు 30, టీసీకి 15, ఎంఈఓ ఆఫీసు వివరాలకు 45, అమ్మాయి ఇంటికి వెళ్లి రావడానికి 120. మొత్తం 210 నిమిషాలు, పట్టదు. అన్నిటికీ గడువు సాయంత్రమే అనుకుని మూర్ సూత్రాన్ని నేరుగా ప్రయోగిస్తే అది తన పద్ధతి ప్రకారం అన్నిటికంటే పొడవైనదాన్ని తీసి పక్కన పెడుతుంది. అంటే అమ్మాయి ఇంటికి వెళ్లడాన్ని. ఆలస్యమైన పనుల సంఖ్య ఒకటే, లెక్కలో ఏ తప్పూ లేదు. ఎల్లుండి కొత్త చిన్న పనులు వస్తాయి. మళ్లీ పొడవైనది అదే, మళ్లీ అదే పక్కకు పోతుంది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ అమ్మాయి పెళ్లికో, పనికో వెళ్లిపోయి ఉండవచ్చు.

ఒక సూత్రం కొలిచేది సంఖ్యను. దానికి ప్రాముఖ్యం తెలియదు, తెలుసుకోమని మనం అడగలేదు కూడా. అందుకే మొదటి నియమం: గడులు ముందు, లెక్కలు తర్వాత. వారానికి ఒకసారి, శుక్రవారం సాయంత్రమో శనివారమో, రెండు గీతలు గీసి రెండో గడిలోంచి ఒకటో రెండో పనులను తీసి, వాటికి వచ్చే వారంలో ఏ రోజు ఏ గంటో ముందే కేటాయించేయాలి. ఆ గంటలు పోగా మిగిలిన కాలంలోనే జాక్సన్, స్మిత్, మూర్‌ల పోటీ. బుధవారం సాయంత్రం రెండు గంటలు ఆ అమ్మాయి ఇంటికి అని రాసేశాక, ఆ రెండు గంటలు ఇక ఎవరితోనూ పోటీ పడవు.

రెండో నియమం: పెద్ద పనిని కోశాకే వరుసలో నిలబెట్టాలి. స్మిత్ భాగహారంలో పెద్ద పని చాలాసార్లు నష్టపోతుంది, ఎందుకంటే కింద ఉన్న సంఖ్య పెద్దది. కానీ అలెన్ చెప్పిన 'తర్వాతి చర్య' దాన్ని ముక్కలు చేస్తుంది. వాళ్లమ్మకు ఫోన్ చేయడం పది నిమిషాల పని, అయినా ఆ ఒక్క ఫోనే తలుపు తెరుస్తుంది. విలువ పెద్దది, కాలం చిన్నది, కాబట్టి అది టీసీని కూడా దాటి ముందుకు వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లల చదువు కూడా అంతే. "చదవడం నేర్పాలి" అన్నది ఏ రోజు జాబితాలోనూ పట్టదు. "ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ఒక్కొక్కరితో ఒక పేరా చదివించి రాసుకోవాలి" అన్నది రెండు విడతల పని. ఎక్కడో 1956 నాటి గణితం, ఎక్కడో 2001 నాటి పుస్తకం, ఒకదాని గురించి ఒకటి ఆలోచించకుండానే ఇంత సరిగ్గా అతకడం చూసి ముచ్చటేస్తుంది.

మూడో నియమం: ఒక్కో పద్ధతికి ఒక్కో వేళ. పని తలలోకి రాగానే రాసుకోవడం ఎప్పుడైనా చేయాలి. గడులు వారానికోసారి. ఆరు పనుల వరుస రోజూ సాయంత్రం. గోడ మీది హద్దు పని జరుగుతున్నంతసేపూ. టైమర్ కూర్చున్నప్పుడు మాత్రమే. పొద్దున పదిన్నరకు, పిల్లల గోల మధ్యలో, "ఇది ముఖ్యమా కాదా" అని గడులు గీయకూడదు. ఆ వేళకు నిన్నటి నిర్ణయాన్ని నమ్మి మొదటి చీటీ తీసుకోవాలి. నిర్ణయించే వేళ, చేసే వేళ వేరుగా ఉంటేనే రెండూ బాగా సాగుతాయి. అలెన్ చెప్పిన రెండు నిమిషాల నియమానికి కూడా ఇదే వర్తిస్తుంది. రెండు నిమిషాల్లో అయ్యే పనిని అప్పటికప్పుడు చేసేయమంటాడు ఆయన. అది వచ్చినవాటిని ఒకచోట కూర్చుని చూసుకునే వేళకు చెప్పిన మాట. టైమర్ నడుస్తున్నప్పుడు దాన్ని వాడితే రోజంతా రెండేసి నిమిషాలుగా కరిగిపోతుంది.

నాలుగో నియమం మరీ ముఖ్యం: కలపడానికి పట్టే సమయం చేయడానికి పట్టే సమయాన్ని తినకూడదు. రోజుకు పది నిమిషాలు, వారానికి అరగంట దాటితే ఏదో ఒక పద్ధతిని తీసేయాలి. రంగురంగుల పెన్నులతో అలంకరించిన జాబితా ఏ పనినీ పూర్తి చేయదు. మొదలుపెట్టేవాళ్లు మొదట రెండే తీసుకుంటే చాలు: వారానికోసారి రెండు గీతలు, సాయంత్రం ఆరు పనులు. సగంలో ఆగిన పనులు పేరుకుపోతున్నాయనిపిస్తే అప్పుడు గోడ మీద చీటీలు పెట్టుకోవచ్చు. కూర్చున్నా మనసు నిలవకపోతే అప్పుడు టైమర్. ఇబ్బంది ఏ ప్రశ్న దగ్గర ఉందో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతినే చేర్చుకుంటూ పోవాలి.

ఈ పద్ధతులను చేసినవాళ్లలో ఒక మాజీ కళాశాల అధ్యక్షుడు, ఒక ప్రజాసంబంధాల మనిషి, గణితవేత్తలు, ఒక కార్ల ఇంజనీరు, ఒక విద్యార్థి ఉన్నారు. ఎవరి కష్టం వాళ్లది. అందరి పనిలోనూ కనిపించే గుణం ఒకటే, తన హద్దు తెలిసి ఉండటం. రెండు గీతలు వరుస చెప్పబోవు. ఆరు పనుల జాబితా ఏడో పనిని మోయబోదు. సూత్రం ప్రాముఖ్యాన్ని తేల్చబోదు. ఏది ముఖ్యమన్న నిర్ణయం మాత్రం చివరికి మనిషి చేతిలోనే వదిలిపెట్టాయి అన్నీ. అలా వదలడమే వాటి మర్యాద. ఆ అమ్మాయి తిరిగి బడికి రావడం ముఖ్యమని హెచ్‌ఎం మేడంకు చెప్పగల కాగితం ఏదీ లేదు. అది ఆమెకు ముందే తెలుసు. మోగే ఫోన్ల నుంచి, సాయంత్రంలోగా అనే మెసేజీల నుంచి ఆమె నిర్ణయాన్ని కాపాడి బుధవారం దాకా చేర్చడమే ఈ పనిముట్లన్నీ కలిసి చేయగలిగేది. కాబట్టి ఎవరి పద్ధతి ఎంత బాగా అతికిందో తెలుసుకోవాలంటే వారం చివర ఎన్ని పనులు కొట్టేశామో లెక్కపెట్టనక్కర్లేదు. ఎవరూ ఫోన్ చేసి అడగని పని ఈ వారం ఎంత ముందుకు సాగిందో చూసుకుంటే చాలు.